బాలగేయమును నీతి యడుగువారికి

బాలుర కొరకు ఎవరేని ఒక పాట వ్రాసి పదిమంది పెద్దల యెదుట చదివినపుడు, ఆ పాటకు పిల్లలు నవ్విరా, చప్పట్లు చరచిరా, ఇంటికి పోవు త్రోవలో దానిని మరల పాడుకొనిరా అని విచారించువారు అరుదు. ‘బాగుగనే యున్నది కాని, ఇందులో నీతి యేది?’ అని యడుగువారే తరచు. నవంబరు 14వ తేదీని బాలల దినోత్సవమునకు, ఆ దినముననే మొదలగు గ్రంథాలయ వారోత్సవములకు, బడుల వార్షికోత్సవములకు నంద్యాల ఆళ్ళగడ్డ ప్రాంతములలో పిల్లల పాటలు వినవచ్చునప్పుడు సైతము ఈ ప్రశ్నయే తీర్పునకు ప్రమాణమై నిలుచుచున్నది. సత్యము పలుకవలెనని చెప్పిన పాట, ఎంత నీరసముగా చెప్పినను, మెప్పు పొందుచున్నది. ఏనుగు చీమ యింటికి అల్లుడై పోయెనని పాడిన పాట, పిల్లలు పొట్ట పట్టుకొని నవ్వినను, ‘కాలక్షేపము’ అను ఒక్క మాటతో త్రోసివేయబడుచున్నది. ఈ యభిప్రాయము తప్పు. ఇది పిల్లలకును, కవిత్వమునకును, తుదకు ఏ నీతి కొరకు వీరింత తపించుచున్నారో ఆ నీతికిని చేటు చేయుచున్నదని నిరూపించుటయే నా యుద్దేశము.

పూర్వపక్షమును దాని బలము తగ్గింపక చెప్పుట ధర్మము. ఆ పక్షమువారి మాటలు మూడు. బాల్యమున నోటికి వచ్చిన పద్యము జన్మాంతము నిలుచును గనుక, ఆ వయస్సున నేర్పు ప్రతి పాదమును సద్వర్తనమునే బోధింపవలెననునది మొదటిది. అర్థము లేని శబ్దములను, తలక్రిందుల మాటలను వినిపించుట వలన పసిబుద్ధి దారి తప్పి, ఉన్నదేదో లేనిదేదో తెలియని యవస్థ కలుగుననునది రెండవది. అట్టి పాటలు ఎవరైనను వ్రాయగలరు, వానికి పాండిత్యము గాని ప్రతిభ గాని అక్కరలేదు, కావున ప్రౌఢకవులు వానిజోలికి పోరాదనునది మూడవది. ఈ మూడును చెడ్డబుద్ధితో పుట్టినవి కావు; వీనిని చెప్పువారిలో పిల్లలకై జీవితమును ధారపోసిన ఉపాధ్యాయులు కలరు, రెక్కలు ముక్కలు చేసికొని బిడ్డలను చదివించుకొను తలిదండ్రులు కలరు. కాని ఉద్దేశము మంచిదైనంత మాత్రమున వాదము సరియైనది కాజాలదు.

మొదటి మాటకు వారు చూపు సాక్ష్యము మన శతకములు. సుమతియు వేమనయు కంఠస్థము చేసిన తరములవారు చెడిపోయిరా యని యడుగుదురు. చెడిపోలేదు. అయితే ఆ పద్యములు ఇన్ని తరములు పిల్లల నోట నిలిచినది నీతిబలము చేతనేనా యని నేను తిరిగి యడుగుచున్నాను. సుమతీశతకము బాలుర కొరకు పుట్టిన గ్రంథము కాదు; రాజసేవను గూర్చి, కరణమును గూర్చి, వేశ్యను గూర్చి చెప్పు పద్యములు అందు కలవు; పలకబలపము పట్టిన పసివానికి వారితో ఏమి వ్యవహారము? వేమన అంతకంటెను బాలకవి కాడు. గుడిని, గురువును, కులమును నిలువబెట్టి ప్రశ్నించిన విరాగి యాతడు. అట్లయ్యు ఆ పద్యములు పిల్లలకు నచ్చినవి. ఏల నచ్చినవి? కందమునందు రెండవ యక్షరము పాదపాదమునకు తిరిగివచ్చి తలుపు తట్టును. ఆటవెలది పొట్టి పాదములతో పరుగిడును. మూడవ పాదమున ఎదురుచూడని ఉపమానము తటాలున ప్రత్యక్షమగును. నాల్గవ పాదము ఎప్పటి మకుటమే యగుటచే ముందుగనే తెలిసియుండి, తరగతి యంతయు ఒక్క గొంతుతో దానిని అందుకొనును. ఆ నీతినే ఆ పిల్లవానికే వచనమున చెప్పి చూడుడు. మరునాటికి అందులో మాటయైన మిగులదు. శబ్దమునందలి క్రీడయే నీతిని మోసికొని వచ్చినది గాని, నీతి క్రీడను మోసికొని రాలేదు. కావున శతకములు వారి పక్షపు సాక్షులు కావు, నా పక్షపు సాక్షులు.

ఇక శాస్త్రమునే ప్రమాణముగా గొందమన్నను వారికి ఆసరా దొరకదు. కావ్యప్రకాశమున మమ్మటుడు కావ్యప్రయోజనములను ఆరింటిని లెక్కించెను. ఉపదేశము వానిలో ఒకటి. చదివిన తత్‌క్షణముననే కలుగు ఆనందము మరియొకటి. ఈ యానందమే తక్కిన ప్రయోజనము లన్నింటికిని శిరోభూషణమని యాతడే వివరించెను. ఉపదేశమును గూర్చి చెప్పినపుడును, వేదము ప్రభువువలె శాసించును, పురాణము మిత్రునివలె బోధించును, కావ్యము కాంతవలె ప్రీతితో ఒప్పించునని ఆలంకారికులు తారతమ్యము నేర్పరచిరి. పెద్దలు తమ కొరకు చదువుకొను కావ్యమునకు కాంతాసమ్మితమును కోరి, పాలు మరువని బిడ్డ పాడుకొను పాటకు మాత్రము ప్రభుశాసనమును విధించుట ఎక్కడి న్యాయము? రసానందమున కధికారము వయస్సుతో వచ్చునదని ఏ యాలంకారికుడును చెప్పలేదు.

ఆళ్ళగడ్డ సీమవారికి ఈ విషయమున ఇంటిముంగిటనే ఒక సాక్ష్యము కలదు. నల్లమల యొడిలోని ఎగువ యహోబిలమునకు పోయి, అచ్చటినుండి కొండలలోనికి నడచువారికి ఒక రాతిగుహను చూపి ‘ఇది ప్రహ్లాదుని బడి’ యని చెప్పుదురు. ఆ బడికథ మనకందరకు తెలిసినదే. గురుపుత్రులగు చండామార్కులు రాజాజ్ఞ చొప్పున ఆ బాలునకు నీతిశాస్త్రమును వల్లింపజేసిరి. వారి పాఠములో లోపము లేదు, శ్రద్ధలో లోపము లేదు, వెనుక రాజదండనభయము కూడ నుండెను. అయినను తండ్రి పిలిచి ‘ఏమి నేర్చితివి?’ యని యడిగినపుడు, బాలుడు బడిలో చెప్పినదానిని గాక తన హృదయమున వెలసినదానినే చెప్పెను. ఎంత నిష్ఠతో వల్లింపబడినను, బాలుని లోపలికి దిగనిది దిగనే దిగదని ఈ పురాణము స్పష్టముగా చాటుచున్నది. ‘ఆ ప్రహ్లాదుడే ఆటవస్తువులను విడిచినవాడు కదా’ యని ఎదురు చెప్పువారుందురు. నిజమే, ఒకరి యాజ్ఞచే విడువలేదు, లోన పొంగిన పరవశత చేత విడిచెను. ఆ పరవశతను పోతన ఎట్లు చిత్రించెను? ఒకచో ఏడ్చువాడుగా, ఒకచో నవ్వువాడుగా, ఒకచో పాడువాడుగా, ఒకచో ఆడువాడుగా చిత్రించెను. చండామార్కుల పాఠక్రమమున ఆ నవ్వునకు, ఆ పాటకు, ఆ యాటకు తావు లేకపోయెను. ఆ పాఠక్రమమే యోడిపోయెను.

అదే యహోబిలమున మరియొక సాక్షి కలడు. తాళ్ళపాక అన్నమాచార్యులు అహోబిలమఠమునకు ఆద్యులైన ఆదివన్ శఠకోపయతి కడ వేదాంతము నభ్యసించెనని, ఆయన మనుమడు చినతిరువేంగళనాథుడు ద్విపదలో రచించిన చరిత్రము చెప్పుచున్నది. 1408 మొదలు 1503 వరకు జీవించి, వేలకొలది సంకీర్తనములను రచించిన ఆ మహానుభావుడు జోలపాట కట్టెను. చందమామను పిలుచు పాట కట్టెను. ఆడుపిల్లలు చేతులు తట్టుచు పాడు గొబ్బిపాట కట్టెను. ఉయ్యాల పాట కట్టెను. గురుపాదముల కడ వేదాంతము విన్న చెవియే తల్లి పాడు లాలిని, వాకిట పిల్లల చప్పట్లను విన్నది. ఒకటి యెక్కువదనియు మరియొకటి తక్కువదనియు ఆ చెవి యెంచలేదు. అంతటివాడు సిగ్గుపడని పనికి, నాలుగు ఖండకావ్యములు అచ్చొత్తించిన నేటి కవి సిగ్గుపడవలెనా?

రెండవ మాటను, అనగా తలక్రిందుల మాటలు బుద్ధిని చెరచుననుదానిని, వాదముతో గాక ఒక పాటను చేతబట్టి పరీక్షింతము. నంద్యాల ప్రక్కగా పారు కుందేరును తలచుకొని పిల్లల కొరకు నేను కట్టిన నాలుగు పాదములివి:

కుందేటొడ్డున కుందేలొక్కటి
కొర్రల రాశిని కొలువగ బోయెను
కొలిచే శేరును పిచ్చుక మింగెను
పిచ్చుక కడుపున సంతే సాగెను

పాదమునకు పదునారు మాత్రలు, నాలుగు మాత్రల గణములు నాలుగు, గణమునకొక చప్పట్టు. ఏటి పేరును జంతువు పేరును ఒక్క ధ్వనితో ఢీకొనుటచే మొదటి పాదము పుట్టినది. ఇంకొక యేటి యొడ్డున ఈ కుందేలు నిలువజాలదు. రెండవ పాదమున ఆ కుందేలు ఈ నల్లరేగడి సీమ రైతు చేయు పనినే చేయుచున్నది గనుక పిల్లవాడు అంతవరకు నమ్మును. మూడవ పాదమున నమ్మకము తెగును. శేరును మ్రింగగల పిచ్చుక లోకమున లేదని వానికి తెలియును, తెలియును గనుకనే నవ్వును. నాల్గవ పాదము ముందు పాదమునందలి పిచ్చుకనే పట్టుకొని బయలుదేరి, ఒక సంతనంతటిని దాని కడుపున దింపును. ఇంతటితో పాట ముగియుట లేదు. ఆ సంతలో బుడ్డలెంత, బెల్లమెంత, గాజులబండి వచ్చెనా, పిచ్చుక ఎగిరినపుడు దుకాణముల గతి యేమి యని పిల్లలు ప్రశ్నింపసాగుదురు. ఆ ప్రశ్నలే ఐదవ పాదమును, ఆరవ పాదమును కట్టును. అక్కడినుండి పాట నాది కాదు, వారిది.

ఇప్పుడు నీతివాదికి తృప్తి కలుగునట్లు తుది రెండు పాదములను మార్చెదను:

కుందేటొడ్డున కుందేలొక్కటి
కొర్రల రాశిని కొలువగ బోయెను
సరిగా కొలిచిన సంపద పెరుగును
సత్యము పలికిన సౌఖ్యము కలుగును

మాత్రలు తగ్గలేదు, గణములు చెడలేదు, ఆద్యక్షరముల పొందిక మొదటిదానికంటె హెచ్చుగనే యున్నది; ఐనను కుందేలు చచ్చిపోయినది. దానికి చేయవలసిన పని లేదు. బోధకుడు ప్రవేశించిన వెంటనే అది పాటనుండి తప్పుకొన్నది. ఐదవ పాదమును పిల్లలెవ్వరును కట్టరు, కట్టుటకు ఏమియు మిగులలేదు గనుక. ఇంతకంటె ముఖ్యమైనది మరియొకటి కలదు. సరిగా కొలిచినవానికి సంపద పెరుగుట ఎల్లవేళల జరుగదని, తండ్రి వెంట సంతకు పోయిన పిల్లవాడెరుగును. పిచ్చుక కడుపున సంత సాగదనియు వాడెరుగును. ఒకటి నిజము కానిదానిని నిజమని నమ్మింపజూచు మాట; మరియొకటి నిజము కాదని చెప్పువాడును వినువాడును ఎరిగియే ఆడుకొను మాట. ఈ రెండింటిలో ఏది పిల్లవాని సత్యబుద్ధిని గౌరవించుచున్నదో చదువరులే నిర్ణయింపవలెను. సత్యమును బోధించు తొందరలో మనము పాటను అసత్యవాదినిగా చేయుచున్నాము.

ఈ వివాదము తెలుగుదేశమున మాత్రమే పుట్టినది కాదు. రష్యాలో కర్నేయ్ చుకోవ్‌స్కీ యను కవి ఒక మొసలి నగరవీథులలో షికారు చేసినట్లు పిల్లల కొక గేయకథ వ్రాసెను. దేశమంతట పిల్లలు దానిని వల్లించిరి. 1928 ఫిబ్రవరిలో లెనిన్ భార్య క్రూప్‌స్కయా ‘ప్రావ్‌దా’ పత్రికలో దానిని ఖండించుచు, అది అర్థము లేని ప్రేలాపనయని, పిల్లలకు మొసలిని గూర్చిన నిజమైన జ్ఞానము దాని వలన కలుగదని వ్రాసెను. మరుసటి నెలలోనే గోర్కీ ఆ పత్రికలోనే కవి పక్షమున నిలిచెను. చుకోవ్‌స్కీ మాత్రము ఎదురుతిట్టుతో తృప్తిపడక, రెండేండ్లు మొదలు ఐదేండ్ల వరకు గల పిల్లల మాటలను ఏండ్ల తరబడి సేకరించి, ‘రెండు నుంచి ఐదు’ అను గ్రంథమున తన సమాధానమును నిలిపెను. ఏ వస్తువు యొక్క నిజమైన లక్షణము పిల్లవానికి దృఢముగా తెలిసినదో, ఆ వస్తువునే వాడు తలక్రిందులు చేసి ఆడుకొనును. కుక్క మొరుగునని చక్కగా తెలిసిన తరువాతనే ‘పిల్లి భౌ యన్నది’ యని నవ్వును. ఆ నవ్వు అజ్ఞానమునకు కాదు, జ్ఞానమునకు గురుతు. తెలుగిండ్లలో పిల్లలను పెంచిన ప్రతి జేజియు ఈ మాటకు సాక్ష్యమీయగలదు. తలక్రిందుల పాట లోకజ్ఞానమును చెరచుట లేదు. అది ఎంతవరకు గట్టిపడినదో పిల్లవాడు తనంత తాను పరీక్షించుకొనుటకు తోడ్పడుచున్నది.

కాలము కూడ తన తీర్పును చెప్పియే యున్నది. ఆంగ్లదేశమున ఐజాక్ వాట్స్ 1715లో బాలుర కొరకు భక్తినీతి గీతములను ప్రకటించెను. నూరేండ్లకు పైగా బడులలో అవి వల్లింపబడెను. 1865లో లూయీ కారల్ ‘ఆలిస్’ కథలో తేనెటీగ శ్రమను మెచ్చిన వాట్స్ గీతమునకు మారుగా ఒక మొసలిపాటను పెట్టెను. నేడు లోకమెల్ల ఎరిగినది మొసలిపాటనే. వాట్స్ వ్రాసిన మూలము, ఆ మొసలి దేనిని వెక్కిరించినదో చెప్పవలసివచ్చినపుడు మాత్రమే తలపునకు వచ్చుచున్నది. మన పొరుగున వంగదేశమున సుకుమార్ రాయ్ 1923లో కన్నుమూసిన కొలది దినములకే వెలువడిన ‘ఆబోల్ తాబోల్’ అను వింతపాటల సంపుటము, నూరేండ్లు దాటినను, ఆ భాషవారి ఇండ్లలో పిల్లలు పెద్దలు కలసి చదువుకొను పుస్తకముగా నిలిచియున్నది. ఠాకూరును కన్న జాతి ఆ పుస్తకమును తన సాహిత్యమున రెండవ పంక్తిలో కూర్చుండబెట్టలేదు.

ప్రయోజనమే కావలెనన్న పట్టుదల గలవారికి ఇంకొక మాట చెప్పుదును. ఆక్స్‌ఫర్డులో పీటర్ బ్రయాంట్, లినెట్ బ్రాడ్లీ మొదలగువారు పసిపిల్లలను కొన్ని యేండ్లపాటు గమనించి, మూడేండ్ల వయస్సున ఆటపాటలు ఎక్కువగా వచ్చిన పిల్లలు తరువాత ప్రాసను, వర్ణధ్వనులను చక్కగా గుర్తింపగలిగిరనియు, చదువు నేర్చుటయందు ముందంజ వేసిరనియు 1989లో ప్రకటించిరి. తెలుగు లిపిలో గుణింతమును నేర్పు ఉపాధ్యాయునకు దీని కారణము విప్పిచెప్ప నక్కరలేదు. ‘క’కును ‘కొ’కును గల భేదము పలకమీదికి రాకముందు చెవిలో స్థిరపడవలెను, చెవిలో దానిని స్థిరపరచునది పాటయే. అయితే నేను ఈ ప్రయోజనముమీదనే నా వాదమును నిలుపబోను. చదువు వచ్చుట కొరకు పాట కావలెననుట కూడ పాటను ఇంకొకదానికి బంటుగా చేయుటయే. పిల్లవానికి ఆనందము కావలెను. అది వాని జన్మహక్కు. ఆ పిదప కలుగు లాభములు కలుగుగాక.

మూడవ మాట, ఇట్టి పాటలు ఎవరైనను వ్రాయగలరనునది. ఈ మాట అనువారు ఒక్క పాట వ్రాసి, ఐదేండ్ల పిల్లల గుంపు నడుమ నిలిచి పాడి చూడవలెను. పెద్దల సభలో నీరసపద్యమునకు కూడ మర్యాద కొరకు తలలూపుదురు. పిల్లలు మర్యాద యెరుగరు, మాత్ర కుంటిన చోట వారి చప్పట్లు ఆగిపోవును, మాట కృతకమైన చోట వారి చూపు కిటికీవైపు పోవును. ఆళ్ళగడ్డలో శిల్పుల పాకల కడ నిలిచి చూచినవారికి, పెద్ద విగ్రహముకంటె అరచేతి యంత బొమ్మకే ఉలి యెక్కువ ఓర్పును కోరునని తెలియును. పెద్ద రాతిలో ఒక దెబ్బ దారి తప్పినను సవరించుకొనుటకు తావుండును, చిన్నదానిలో నుండదు. బాలగేయమును అట్టిదే. మహాకావ్యమున ఒక శ్లథపద్యము వందపద్యముల నడుమ దాగును. నాలుగు పాదముల పాటలో ఒక వ్యర్థపదమునకు దాగుచోటు లేదు. పండితులు చిత్రకవిత్వమున పెదవి తగలని పద్యములు వ్రాసిరి, చక్రబంధములు కట్టిరి. అక్షరములతో ఆడుకొనుట వారికి ప్రౌఢిమయైనపుడు, ఆ యాటయే పిల్లల కొరకు ఆడినంతనే ఎట్లు చులుకన యగును?

మన పెద్దలలో ఈ పని విలువను గ్రహించినవారు లేకపోలేదు. గిడుగు వెంకట సీతాపతిగారు పిల్లల కొరకు చిలకమ్మ పెండ్లిని, రైలుబండిని పాటలుగా కట్టిరి. తాళపత్రములను, రాగిరేకులను పరిష్కరించిన చేతితోనే వేటూరి ప్రభాకరశాస్త్రిగారు పిల్లల నోటి పాటలను ఏరి ‘బాలభాష’గా కూర్చిరి. నేదునూరి గంగాధరముగారు పల్లెపల్లె తిరిగి జానపదుల పాటలను ప్రోగుచేసిరి. చింతా దీక్షితులుగారు పిల్లల లోకమునకు తమ కలమును అంకితము చేసిరి. రేడియో అన్నయ్య, అక్కయ్య అని ఆంధ్రదేశ మంతయు పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మదరాసు రేడియోలో పిల్లల గొంతులకే పీట వేసి, 1945లో ‘బాల’ పత్రికను స్థాపించిరి. వీరెవ్వరును పిల్లల పాటను తీరికవేళ పనిగా నెంచలేదు. వీరు త్రొక్కిన బాట యుండగా, మనము పోటీల పేరిట, బహుమతుల పేరిట నీతిపద్యముల బాటకు మరలుట వెనుకడుగు.

నీతివాదుల మాటకును చేతకును గల వైరుధ్యమును ఇచ్చట చూపక తప్పదు. నేడు నంద్యాల వంటి పట్టణములలో మూడేండ్ల పిల్లవానిని ఆంగ్లపు బడిలో చేర్చుచున్నారు; ఇంటికి చుట్టములు వచ్చిన వెంటనే ‘రైమ్ చెప్పు నాన్నా’ యని వానిని నిలువబెట్టుచున్నారు. వాడు చెప్పు పాటలో ఒకడు గోడమీదినుండి పడును, ఒక గొఱ్ఱె బడికి పోవును, ఒక సాలీడు గొట్టమెక్కును. దానిలో నీతి యేదని ఒక్క చుట్టమైనను అడిగిన జాడ లేదు. అందరును చప్పట్లు చరచుదురు. ఆ పాటలలోని వానయు, వంతెనయు, పిండివంటయు ఈ సీమవి కావు, అయినను ఆక్షేపణ లేదు. తెలుగున ఒక కోతి ఉగ్గాని తిన్నదని పాడినచో మాత్రము, కోతి వలన మనము నేర్వదగిన గుణమేమని ప్రశ్న పుట్టును. పరభాషకు ఆటను, స్వభాషకు శిక్షను పంచి యిచ్చినవారు, పిల్లలు తెలుగనగా మొగము ముడుచుకొనుచున్నారని వగచుటలో అర్థమేమి? ఏ భాషలో నవ్వు దొరకునో ఆ భాష వైపే పిల్లవాడు పోవును. నవ్వును తెలుగునుండి తీసివేసినది మనమే.

ఈ సీమకు పాటల పేదరికము లేదు. దొరతనమువారి నెదిరించి 1847లో కోవెలకుంట్ల కడ ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కథ పాటయై నిలిచినది. 1866 నాటి కరవున ఆకలిగొన్నవారికి గంజికేంద్రములు నడపిన బుడ్డా వెంగళరెడ్డి దాతృత్వము పాటయై నిలిచినది. ఆ పాటలు వీరత్వమును, దానమును బోధించుటకై కూర్చొని వ్రాసినవి కావు. చూచినవారి గుండె పొంగి పాడినవి. అందుకే వానిలోని నీతి నేటికిని సజీవము. ఇట్టి సీమ పిల్లలకు పాట వ్రాయుటకు సామగ్రి వెదకనేల? సంక్రాంతి మొదలుకొని పల్లెపల్లెకు పల్లకిలో తిరుగు అహోబిలస్వామి పారువేట యున్నది. చెంచుల యల్లుడైన నరసింహుడున్నాడు. నంద్యాల చుట్టు తొమ్మిది నందులున్నవి. నందులు తొమ్మిదియు ఒక రాత్రి గడ్డి వెదకికొనుచు కుందేటికి దిగినచో ఏమగునని ఏ కవియైన ఊహించెనా? అచ్చనగాయలు, వామనగుంటలు, ఒప్పులకుప్ప, గుడుగుడుగుంచము ఇంకను పూర్తిగా మాసిపోలేదు. ఉగ్గాని, ఊరిబిండి, సంగటి, బుడ్డలు అను మాటలలోనే తాళమున్నది. 1928లో ఈ నంద్యాలలో కూడిన ఆంధ్రమహాసభ సందర్భముననే దత్తమండలములను పాతపేరు పోయి రాయలసీమ యను పేరు వాడుకకు వచ్చినది. తన పేరును తానే పెట్టుకొన్న సీమ, తన పిల్లల పాటలో తన యింటిమాటను పలుకుటకు వెనుదీయరాదు. పుస్తకపు తెలుగులోనే పాట వ్రాయవలెననుట కూడ ఆ నీతిశాసనమునకు తోబుట్టువే. పిల్లవాని యింటిలో లేని మాటతో వానిని నవ్వింప నెవ్వరికిని సాధ్యము కాదు.

ఇంతమాత్రమున ఆటపాట యన్న పేరు గల ప్రతిదియు మంచిదని నేను చెప్పుట లేదు. ఒకని కులమును ఎత్తిపొడుచు పాటలు, కుంటివానిని గ్రుడ్డివానిని ఎగతాళి చేయు పాటలు, ఆడుపిల్లను చులుకన చేయు పాటలు మన పాతపాటలలో ఉన్నవి, అవి పోవలసినవే. తరగతిలో ఒక్క పిల్లవాడు తలవంచుకొని కూర్చుండవలసివచ్చిన పాట ఆట కాదు. ఆట యన్నది అందరును ఆడదగినది. ఈ వివేకము కవికి ఉండవలెను. కాని ఇది కవి తన మనస్సున పాటింపవలసిన నీతి, పాట చివర అంటింపవలసిన నీతి కాదు. సద్వర్తనము పిల్లలకు అక్కరలేదనియు నా మాట కాదు. అది ఇంటిలో పెద్దలు పనివారితో మాటలాడు తీరునుండి, పంతులు తన తప్పును సవరించుకొను తీరునుండి, పంచుకొని తినిన పలహారమునుండి పిల్లవానికి చేరును. ఆ పనిని తాము చేయక, నాలుగు పాదముల పాటమీద మోపి చేతులు దులుపుకొనువారికి, పాటను తప్పుపట్టు అధికారము లేదు.

కావున బాలగేయములకు బహుమతులు నిర్ణయించు పెద్దలను, పాఠ్యపుస్తకములకు పాటలు ఏర్చు పండితులను, బడి పంతుళ్ళను నేను కోరునది ఇంతే. ‘ఇందులో నీతి యేది?’ యను ప్రశ్నను విడిచిపెట్టుడు. దానికి బదులు మూడు ప్రశ్నలు వేయుడు: నడక ఎక్కడనైన కుంటుచున్నదా? చెప్పిన వింత పిల్లవాని కన్నులకు కట్టుచున్నదా? మరునాడు ఎవరును చెప్పకయే వాడు దానిని పాడినాడా? ఈ మూడవ ప్రశ్నకు ఔనను సమాధానము వచ్చినచో, ఆ పాట తన ధర్మమును నెరవేర్చినది. దానికి వేరొక యోగ్యతాపత్రము అక్కరలేదు. రాదేని, అందులో ధర్మశాస్త్రము లన్నింటిని కూర్చినను అది పిల్లల పాట కాదు. కవులకు నా మనవి వేరొకటి కలదు. పెద్దల మెప్పు పొందుట సులభము. ఒక నీతివాక్యమును తుదిపాదమున చేర్చినచో చాలును. ఆ సులభమార్గమును విడిచి, నేటి పిల్లలు నోరార పాడుకొని, రేపు తమ బిడ్డలకు తామే నేర్పుకొనదగిన నాలుగు పాదములు వ్రాయుటకు పూనుకొనుడు. మీ శక్తి యంతయు అందుకు వినియోగపడును; ఏ కొంచెమును వ్యర్థము కాదు.